‘బైట్ ద బులెట్’ అంటే ఓర్చుకోవడమేనా?

బ్యాంకు పరీక్షలకూ స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) ఉద్యోగ పరీక్షలకూ చదివే పిల్లల ఇంగ్లీషు గైడ్లలో ‘బైట్ ద బులెట్’ (ఉన్నదున్నట్టు చెబితే తూటాను కొరకడం) అనే నుడికారం దాదాపు తప్పకుండా ఉంటుంది. ఎదురుగా అర్థం ఒక్క ముక్కలో: కష్టాన్ని ధైర్యంగా ఎదుర్కోవడం. నాలుగు ఆప్షన్లలో దాన్ని గుర్తుపట్టి టిక్కు పెడితే మార్కు పడుతుంది. హన్మకొండలో కోచింగ్ ఇచ్చేవాళ్ల పని అంతవరకే కాబట్టి వాళ్లను అనడానికి ఏమీ లేదు. చిక్కంతా ఆ తర్వాత వస్తుంది. అదే పిల్లవాడు ఉద్యోగంలో చేరి ఈమెయిల్ రాసేటప్పుడు, లేదా ఏదో పత్రిక డెస్కులో కూర్చుని ఇంగ్లీషు వార్తను తెలుగు చేసేటప్పుడు ఆ గైడు అర్థమే కాళ్లకు అడ్డం పడుతుంది.

ఒక వాక్యం చూడండి. మంచాన పడ్డ తండ్రిని రెండేళ్లుగా కంటికి రెప్పలా చూసుకుంటున్న స్నేహితుడి గురించి ‘హీ ఈజ్ బైటింగ్ ద బులెట్’ అని రాశామనుకోండి. గైడు ప్రకారం తప్పు పట్టలేం. కష్టం ఉంది, ధైర్యం ఉంది. ఇంగ్లీషులోనే పుట్టి పెరిగినవాళ్లకు మాత్రం ఆ వాక్యం ఎబ్బెట్టుగా తోస్తుంది. తండ్రికి సేవ చేసే బాధ్యతను అతను ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగి, ఇక వీల్లేక నెత్తినేసుకున్నట్టు ధ్వనిస్తుంది. పొగడబోయి దెప్పినట్టవుతుంది.

ఎందుకంటే ఆ నుడికారానికి ప్రాణం వాయిదాలో ఉంది. చేయక తప్పని పని ఒకటి ఉంటుంది. చేస్తే నొప్పి. అందుకని ఇవాళ కాదు రేపని జరుపుకుంటూ వస్తాం. ఒకరోజు మనంతట మనమే ‘ఇగ తప్పదు’ అనుకొని చేసేస్తాం. ఆ తెగింపుకు ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేరు బైట్ ద బులెట్. నొప్పి, వాయిదా, సొంత నిర్ణయం, ఒక్క దెబ్బలో తేలిపోయే పని: వీటిలో ఏది లోపించినా మాట సరిగ్గా అతకదు.

పత్తి అమ్మిన పొద్దు

మన దగ్గరి పనితోనే పరీక్షించి చూద్దాం. సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రంలో పత్తి తేమ 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర ఇస్తారు. 8 నుంచి 12 దాకా పెరిగే తేమకు తగ్గట్టు ధరలో కోత పడుతుంది. 12 దాటితే కొనరు. ఒక రైతు దగ్గర 20 క్వింటాళ్లు ఉన్నాయి, తేమ మిషన్ 15 చూపించింది అనుకుందాం. వెనక్కి తెచ్చి ఆరబోద్దామంటే మబ్బు పట్టింది. ముందటి అర్రలో పత్తి, మంచాల మీద పత్తి, మనుషులు పడుకోను జాగ లేదు. ఏరిన కూలోళ్లకు పైసలియ్యాలె. బయటి వ్యాపారి చెప్పే ధరేమో మద్దతు ధరకు అంత దూరాన ఉంది. రేపు ఎండ కొడుతుందేమో, ఎల్లుండి రేటు పెరుగుతుందేమో అని మూడు వారాలు గడిచిపోయాయి. ఓ సోమవారం పొద్దున్నే పత్తిని ట్రాలీకెత్తించి, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలుకుపోయి, కాంటా పెట్టించి, వచ్చిన ధరకే ఇచ్చేసి ఇంటికొచ్చాడు.

ఆ సోమవారం పొద్దున జరిగింది బైట్ ద బులెట్. దానికి ముందటి మూడు వారాల ఎదురుచూపుకు ఆ మాట వర్తించదు. నష్టపోయి ఇల్లు ఈడ్చుకొచ్చే తర్వాతి నెలలకూ వర్తించదు. కథ కొంచెం మార్చి చూడండి. అప్పిచ్చినవాడు వచ్చి బలవంతంగా పత్తి ఎత్తుకుపోయాడంటే నష్టం అంతే, బాధ అంతకంటే ఎక్కువ. అయినా ఈ నుడికారం కుదరదు, ఎందుకంటే రైతు చేసిన నిర్ణయం ఏదీ అందులో లేదు. ఏరిన రోజే బేరం కుదుర్చుకొని తక్కువకు అమ్మేశాడంటే నిర్ణయం ఉంది, నొప్పీ ఉంది, నాన్చుడు లేదు. అక్కడ వాడినా తప్పని ఎవరూ అనరు గానీ మాటలో సగం బలం పోతుంది.

మరి ఏళ్ల తరబడి ఓర్చుకోవడానికి ఇంగ్లీషులో ఏమంటారు? దానికి వేరే మాటలు చాలానే ఉన్నాయి. జగిత్యాల దిక్కు నుంచి గల్ఫ్‌కు పోయిన మనిషి, క్యాంపు గదిలో ఎనిమిది మందితో సర్దుకుంటూ అప్పు తీరేదాకా రెండేళ్లు ఎండలో పనిచేస్తే అది ‘టఫ్ ఇట్ అవుట్’. ఫోర్‌మన్ మాటలు పడుతూ పైకి నవ్వుతూ ఉంటే ‘గ్రిన్ అండ్ బేర్ ఇట్’. నొప్పినో కోపాన్నో అణచుకొని పని సాగిస్తే ‘గ్రిట్ యువర్ టీత్’, అది మన ‘పంటి బిగువున’కు స్వయానా అక్కచెల్లెలు. ఇక అదే మనిషి, కంపెనీ జీతాలు ఆపేశాక ఇవాళొస్తయి రేపొస్తయి అని ఆరు నెలలు చూసి, అప్పు మిగిలితే మిగిలె అని టికెట్టు కొనుక్కొని ఇంటిదారి పట్టాడనుకోండి. ఆ టికెట్టు కొన్న రోజుకు బైట్ ద బులెట్ అతికినట్టు సరిపోతుంది.

తూటా నోట్లోకి ఎలా వచ్చింది

మామూలుగా చెప్పే కథ ఇలా ఉంటుంది. మత్తుమందు లేని కాలంలో యుద్ధంలో గాయపడ్డ సిపాయి కాలో చెయ్యో తీసేయాల్సి వస్తే, నొప్పికి నాలుక తెగకుండా పళ్ల మధ్య తూటా పెట్టి కొరకమనేవారట. వినడానికి బాగుంటుంది. నమ్మడానికే అడ్డంకులున్నాయి.

ముందు ఆ వస్తువునే చూడండి. ఆనాటి బ్రిటిష్ సిపాయి తుపాకి మస్కెట్‌లో వేసేది గుండ్రటి సీసం గుండు. అడ్డంగా కొలిస్తే సుమారు 17 మిల్లీమీటర్లు, బరువు సుమారు 30 గ్రాములు. పిల్లలాడే గాజు గోటీ అంత సైజు, బరువు మాత్రం దానికి నాలుగైదింతలు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, నలుగురు అదిమిపట్టి, ఎముకను రంపంతో కోస్తుంటే నోరు తెరిచి అరవకుండా ఉండడు. అప్పుడు నోట్లో అంత నున్నటి గుండు ఉంటే గొంతులోకి జారడానికి రెప్పపాటు చాలు. తోలు పట్టీకో కర్రముక్కకో ఆ ప్రమాదం లేదు. యుద్ధభూముల్లో పంటిగాట్లు పడ్డ సీసం గుండ్లు దొరికిన మాట నిజమే గానీ, వాటిలో కొన్నింటి మీద ఉన్నవి నేల తవ్వుకు తినే పందుల పళ్ల గాట్లు.

రెండో అడ్డంకి తేదీలది. ఈథర్ మత్తులో ఆపరేషన్‌ను బోస్టన్‌లో నలుగురి ముందు చేసి చూపింది 1846 అక్టోబర్ 16న. ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాం వాడింది 1847లో. ఈ తూటా కథను ఎక్కువగా తగిలించేదేమో 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధానికి. అప్పటికి అక్కడి సైనిక డాక్టర్లు చాలా మటుకు ఆపరేషన్లు మత్తు ఇచ్చే చేస్తున్నారు.

ఈ మత్తు చరిత్రలో మన హైదరాబాద్ పేరు కూడా ఉందని చాలామందికి తెలియదు. క్లోరోఫాంతో మనిషి చనిపోతే ముందు ఆగేది గుండెనా, ఊపిరా అని ప్రపంచమంతా కొట్లాడుకుంటున్న రోజుల్లో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు పెట్టుకొని 1888లో ఒకటి, 1889లో ఒకటి రెండు కమిషన్లు వేయించాడు. నడిపించింది ఇక్కడి వైద్య పాఠశాలను చూసుకుంటున్న సర్జన్ ఎడ్వర్డ్ లారీ. ఊపిరే ముందు ఆగుతుందని ఆయన వాదం. ఆయన దగ్గర చదువుకున్న రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరుగా చెబుతారు.

మరి తూటా ఎక్కడిది? కాస్త నమ్మదగిన ఆధారం ఒక యాస నిఘంటువులో ఉంది. ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన ఇంగ్లండ్ వీధుల్లో, సైన్యంలో, దొంగల ముఠాల్లో నడిచే మాటలన్నీ ఏరి కూర్చాడు. దాని 1796 కూర్పులో ‘నైటింగేల్’ అనే మాట కింద వివరణ ఉంది. కొరడా దెబ్బలకు అరిచిన సిపాయిని తోటివాళ్లు ఆ పేరుతో గేలి చేసేవారు, పాట పాడుతున్నాడని. కొన్ని రెజిమెంట్ల గ్రెనడియర్లకు ఆ పేరు పడకుండా చూసుకోవడం పరువు సమస్య. అందుకని దెబ్బలు తినేటప్పుడు తూటా నమిలేవారట. మనకు నైటింగేల్ అనగానే భారత కోకిల సరోజినీ నాయుడు గుర్తొస్తారు. బ్యారక్‌లో మాత్రం అది తిట్టు.

ఈ సంగతిలో పొసగనిది ఏదీ లేదు. శిక్ష పడ్డ సిపాయిని హాల్బర్డ్ అనే పొడుగాటి ఈటెలను ముక్కాలి పీటలా నిలబెట్టి వాటికి కట్టేసేవారు. తొమ్మిది తోకల కొరడా వీపు మీద పడుతుంది. మనిషి నిలబడి ఉంటాడు, ముఖం ముందుకు ఉంటుంది, కాబట్టి గుండు గొంతులో పడే భయం తక్కువ. పైగా నోరు మూసుకొని ఉండడమే ఇక్కడ అసలు పని. సిపాయి జేబులో ఎప్పుడూ ఉండేది గుండు. సీసం మెత్తటి లోహం కాబట్టి పన్నే గెలుస్తుంది: గట్టితనాన్ని కొలిచే మోస్ కొలతలో పంటి పైపూత 5 దగ్గర ఉంటే సీసం 1.5 దగ్గర ఆగిపోతుంది. బ్రిటిష్ సైన్యంలో కొరడా శిక్ష రద్దయింది 1881లో. మాట మాత్రం ఉండిపోయింది.

మన దేశంలో ఇంకో కథ బాగా తిరుగుతుంది: 1857లో సిపాయిలు కొవ్వు పూసిన ఎన్‌ఫీల్డ్ తూటాలను కొరకమంటే తిరగబడ్డారు, ఆ కొరకడం నుంచే ఈ నుడికారం పుట్టిందని. కొరకడం నిజం, కొవ్వు గొడవ నిజం. కానీ కొరికింది తూటాను కాదు. కాగితంలో చుట్టిన ఆ తోటాకు (కార్ట్రిడ్జ్‌కు) ఒక కొసన తుపాకి మందు, రెండో కొసన గుండు ఉంటాయి. మందు ఉన్న కొస కాగితాన్ని పంటితో చించి, మందును గొట్టంలో పోసి, తర్వాత గుండును దించాలి. కొవ్వు పూసింది గుండు వైపు కాగితానికి. అన్నిటికీ మించి 1796 ముందా, 1857 ముందా? లెక్క అక్కడే తేలిపోతుంది.

(ఆ ఎన్‌ఫీల్డ్‌కూ మన రోడ్ల మీది బుల్లెట్ బండికీ చుట్టరికం ఉంది. లండన్ దగ్గరి ఎన్‌ఫీల్డ్ తుపాకుల కార్ఖానాకు విడిభాగాలు చేసిచ్చిన కంపెనీయే రాయల్ ఎన్‌ఫీల్డ్ అని పేరు పెట్టుకొని, బండ్లలో ఒకదానికి బుల్లెట్ అని పేరు పెట్టింది. నుడికారంతో మాత్రం దానికి ఏ సంబంధమూ లేదు.)

నమలడం నుంచి తెగించడం దాకా

1796 నాటి తూటాకు అర్థం ఒకటే: అరవకు. 1891లో రుడ్యార్డ్ కిప్లింగ్ ‘ద లైట్ దట్ ఫెయిల్డ్’ నవలలో ఒక పాత్ర చూపు పోయిన మిత్రుణ్ని పట్టుకొని, తూటా మీద పళ్లు బిగించు, భయపడుతున్నావని వాళ్లకు తెలియనివ్వకు అంటుంది. ఇంగ్లీషులో అక్కడ ‘బైట్ ఆన్ ద బులెట్’ అని ఉంది, మధ్యలో ‘ఆన్’ అనే ముక్కతో. వీపు మీద కొరడా లేదు, నోట్లో తూటా లేదు. మాట పూర్తిగా ఉపమానం అయిపోయింది. అయినా అర్థం ఇంకా పాతదానికి దగ్గరే: బయటపడకు. తర్వాతి కాలంలో ‘ఆన్’ రాలిపోయింది, అర్థమూ జరిగింది. ఇవాళ ఆ మాట అన్నప్పుడు నువ్వు అరుస్తావా, ఏడుస్తావా అన్నది ఎవరికీ పట్టదు. నువ్వు ఆ పని చేస్తావా లేదా, అంతే. నిఘంటువులు తిరగేసి గైడ్లు తయారుచేసేవాళ్లు పట్టుకున్నది మధ్యలో ఆగిపోయిన అర్థం. అక్కడి నుంచే ‘ధైర్యంగా ఎదుర్కోవడం’ వచ్చింది.

వాక్యంలో పెట్టేటప్పుడు

క్రియ రూపాలు బైట్, బిట్, బిటెన్. ‘బైటెడ్’ లేదు. ఎక్కువగా కనిపించే కట్టు ‘బైట్ ద బులెట్ అండ్’ అని, ఆ వెంటనే చేసిన పని చెప్పడం: ‘షీ బిట్ ద బులెట్ అండ్ సోల్డ్ ద ప్లాట్’. ఆ రెండో పని చెప్పకపోతే వినేవాడు ‘అయితే ఏం చేసింది?’ అని అడుగుతాడు, ముందే సందర్భం తెలిసి ఉంటే తప్ప. ‘ద’ తీసి ‘ఎ’ పెట్టకూడదు. పదిమంది కలిసి నిర్ణయం తీసుకున్నా తూటా ఒక్కటే, బహువచనం రాదు. కర్మణి ప్రయోగంలో, అంటే తూటా కొరకబడింది అన్న ధోరణిలో పెడితే నవ్వొస్తుంది. జరుగుతూ ఉన్నట్టు చెప్పే ‘బైటింగ్’ రూపం పూర్తిగా నిషేధం కాదు గానీ తక్కువ. ఒక్క దెబ్బలో అయ్యే పనికి అది అంతగా నప్పదు. మొదట్లో చూసిన స్నేహితుడి వాక్యం చెడడానికి ఇదీ ఒక కారణం.

పలకడంలో కూడా ఒక చిన్న సంగతి. మనం బండికి అలవాటుపడి ‘బుల్లెట్’ అని లకారం ఒత్తుతాం. ఇంగ్లీషులో ఒత్తు లేదు, బులెట్. ఇక్కడ టీవీ రిపోర్టర్లకు ‘బైట్’ అంటే మైకు ముందు ఎవరితోనో నాలుగు ముక్కలు చెప్పించుకోవడం, ‘బుల్లెట్’ అంటే గబగబా చదివే చిన్న వార్త. న్యూస్ రూములో ఈ నుడికారం వినపడితే సగం మంది వేరే పని మొదలుపెట్టే ప్రమాదం ఉంది.

ఎవరితో అంటున్నామన్నది ఇంకా ముఖ్యం. తన గురించి తాను చెప్పుకుంటే ఇది నిబ్బరంగా, కొంచెం సరదాగా కూడా ఉంటుంది. ఎదుటివాళ్లతో ‘యూ షుడ్ బైట్ ద బులెట్’ అంటే మాత్రం ‘ఇన్నాళ్లూ నువ్వు భయపడి తప్పించుకున్నావు’ అనే నింద అందులో మడిచిపెట్టి ఉంటుంది. తోటి ఉద్యోగితో చనువుంటే చెల్లుతుంది. పై అధికారికి ఈమెయిల్లో రాస్తే చెల్లదు. అక్కడ ‘మనం’ అని కలుపుకొని, ‘వీ మే హావ్ టు బైట్ ద బులెట్’ అంటే నింద కరిగిపోతుంది. పోయినవాళ్ల ఇంటికి రాసే ఉత్తరంలో, జబ్బుపడ్డవాళ్లతో మాట్లాడేటప్పుడు అసలే వద్దు. చావూ జబ్బూ ఎవరూ నిర్ణయించుకొని చేసేవి కావు.

తెలుగులో ఏమనాలి

యంత్రానికి అప్పజెప్పితే ‘తూటాను కొరికాడు’ అని వచ్చే ప్రమాదం ఉంది. మనుషులు చేసిన అనువాదాల్లో కూడా అప్పుడప్పుడు అదే కనిపిస్తుంది, విశేషంగా ఉంటుందనుకొని కావచ్చు. ఉత్తర తెలంగాణలో ఈ ముచ్చట మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. ఎన్‌కౌంటర్ వార్తలు చదువుతూ పెరిగిన తరాలు ఇక్కడున్నాయి. వాళ్లకు తూటా అంటే ఉపమానం కంటే ముందు ఒక ఊరి పేరు, ఒక ఇంటి పేరు గుర్తొస్తాయి. బస్సు చార్జీల వార్తలో తూటా కొరికించడం ఆ పాఠకుడికి ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు.

గైడు ఇచ్చే ‘ధైర్యంగా ఎదుర్కోవడం’ ఎనుమాములలో జెండా పాట లాంటిది. ఆ పొద్దు మేలురకం సరుకుకు పలికిన ధర అది. పేపర్లో పడేది అదే. మన బస్తాకు అదే పలుకుతుందన్న భరోసా లేదు, కాయను చూసి మన ధర వేరే కడతారు. ఈ నుడికారాన్ని కూడా వాక్యం చూసి ధర కట్టాలి.

చాలా వాక్యాల్లో పని చేసే మాట ఒకటుంది, దాన్ని మనం నుడికారంగా గుర్తించం కూడా: ‘ఎట్టకేలకు’. ఇన్నాళ్లూ జరగలేదు, జరగాలని అందరికీ తెలుసు, ఇప్పుడు జరిగింది అనే మూడు సంగతులూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. నొప్పి ఒక్కటే లేదు. దానికి ‘ఇక తప్పదనుకొని’ చేర్చుకుంటే బైట్ ద బులెట్ ముప్పాతిక వంతు వచ్చేసినట్టే. ‘షీ బిట్ ద బులెట్ అండ్ సోల్డ్ ద ప్లాట్’ అన్నదాన్ని ‘ఇక తప్పదనుకొని ఎట్టకేలకు ప్లాటు అమ్మేసింది’ అనొచ్చు. ఆ ప్లాటు మీద ఆమెకు మమకారం ఉందని ముందు వాక్యాల్లో తెలిస్తే ‘గుండె రాయి చేసుకొని’ ఇంకా బాగుంటుంది. భయం వల్ల ఆగిన పనైతే ‘గుండె దిటవు చేసుకొని’. మాటల్లో రాసేటప్పుడు, అంటే ఒక పాత్ర నోట పలికించేటప్పుడు, ఇక్కడి యాసలో ‘ఏదైతే గదైతదని అమ్మేసిన’ అన్నదాన్ని మించింది దొరకదు.

‘పంటి బిగువున’ అన్నది చూడగానే చేయి పోయే మాట. పన్ను ఉంది, బిగింపు ఉంది. కానీ అది ఓర్చుకుంటున్నంత సేపూ సాగే మాట: పంటి బిగువున బాధ భరించాడు అంటాం గానీ, పంటి బిగువున ప్లాటు అమ్మాడు అనం. ఇంగ్లీషు మూలంలో ‘బిట్ ద బులెట్’ ఉండి, దాని వెంట చేసిన పని ఉంటే ఈ మాటను పక్కన పెట్టడమే మేలు. పళ్ల డాక్టరు దగ్గరికి రూట్ కెనాల్‌కు పోవడం గురించి రాసేటప్పుడైతే ఎట్లాగూ పక్కన పెట్టాలి, లేకపోతే అక్కడ లేని హాస్యం పుడుతుంది.

‘రోట్లో తల పెట్టి రోకటి పోటుకు వెరవనేల’ అన్న సామెతను కూడా కొందరు దీనికి జత చేస్తారు. తల అప్పటికే రోట్లో ఉంది కదా. నిర్ణయం అయిపోయాక వచ్చే దెబ్బల గురించి చెప్పే సామెత అది. బైట్ ద బులెట్ తల పెట్టే క్షణం గురించి చెబుతుంది. ‘నిండా మునిగినవాడికి చలేమిటి’ ఇంకా దూరం, అక్కడ పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

వార్తల అనువాదంలో అన్నిటికంటే పెద్ద గుంత వేరే చోట ఉంది. ఇంగ్లీషు పత్రికలు ‘గవర్నమెంట్ బైట్స్ ద బులెట్, రెయిజెస్ బస్ ఫేర్స్’ తరహా శీర్షికలు పెడుతుంటాయి. నొప్పి ఎవరిది? కాజీపేట నుంచి హన్మకొండకు రోజూ బస్సులో పోయే మనిషిది. తూటా కొరికినట్టు పేరు వచ్చింది మాత్రం సర్కారుకు. ఈ నుడికారం నిర్ణయం తీసుకున్నవాడిని ధీరుడిగా నిలబెడుతుంది. ఉద్యోగాలు తీసేసిన కంపెనీ కూడా తానే తూటా కొరికానని చెప్పుకుంటుంది. తెలుగులో ‘తప్పనిసరై చార్జీలు పెంచిన ప్రభుత్వం’ అని పెడితే సర్కారు పక్కన నిలబడ్డట్టు. ‘ప్రయాణికులపై చార్జీల భారం’ అని పెడితే బస్సెక్కేవాడి పక్కన. ‘ఎట్టకేలకు పెరిగిన బస్సు చార్జీలు’ అన్నది ఎవరి పక్కనా ఒరగకుండా, వాయిదా సంగతి మాత్రం చెప్పి ఊరుకుంటుంది. మూలంలో లేని మొగ్గును చేర్చకుండా, ఉన్నదాన్ని తెలిసే తీసేస్తున్నామో ఉంచుతున్నామో చూసుకోవడం డెస్కు పని.

తూటా ఉన్న తక్కిన మాటలతో కలగాపులగం కాకుండా రెండు ముక్కలు. ‘డాడ్జ్ ఎ బులెట్’ అంటే తృటిలో గండం తప్పడం. ‘టేక్ ఎ బులెట్’ అంటే ఇంకొకరికి తగలాల్సిన దెబ్బ తాను కాయడం. ‘సిల్వర్ బులెట్’ అంటే అన్ని రోగాలకూ ఒకే మందు, మనవాళ్లు జిందా తిలిస్మాత్ అన్నట్టు. ‘బైట్ ద డస్ట్’ మట్టి కరవడం, అది తెలుగులో ఉన్నదున్నట్టే ఉంది. దాన్నీ దీన్నీ ఒకటనుకొని, ధైర్యంగా ఇల్లు అమ్మినవాడిని మట్టి కరిపించిన అనువాదం వచ్చిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

వాదంలో కొరికే తూటా

గైడ్లలో దొరకని ప్రయోగం ఒకటి మిగిలింది. తత్వశాస్త్రం, న్యాయశాస్త్రం చదివేవాళ్లకు, ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు చర్చలు వినేవాళ్లకు ఇది తరచుగా తగులుతుంది. ఒకడు ఒక సూత్రం పట్టుకుంటాడు. ఎదుటివాడు ఆ సూత్రాన్ని లాగి లాగి, మింగుడుపడని చోటికి తీసుకొస్తాడు. ‘అబద్ధం ఎప్పుడూ తప్పే అంటున్నావు కదా, ప్రాణం మీదికొచ్చినా ఆడకూడదా?’ ఇప్పుడు మొదటివాడికి రెండే దారులు. సూత్రాన్ని సడలించుకోవాలి, లేదా ‘ఆడకూడదు, అంతే’ అని ఆ మింగుడుపడనిదాన్ని మింగాలి. రెండో దారి పట్టినప్పుడు ‘హీ బైట్స్ ద బులెట్’ అంటారు. ఇక్కడ పొగడ్తా లేదు, తెగడ్తా లేదు. వాదం ఎక్కడ నిలిచిందో చెప్పడమే.

దీన్ని తెలుగులోకి తేవడానికి చాలామంది తంటాలు పడి, ‘చేదు నిజాన్ని అంగీకరించాడు’ అని రాస్తారు. అది సరి కాదు. అతను ఒప్పుకున్నది నిజమని ఎదుటివాడు అనడం లేదు, అసంబద్ధమని అంటున్నాడు. కావలసిన మాట మన జనగామ జిల్లా బమ్మెరలోనే ఉంది. పోతన భాగవతం వామన చరిత్రలో శుక్రాచార్యుడు బలికి చేసే బోధ సరిగ్గా ఈ సూత్రం సడలింపే: ఆడవారి విషయంలో, పెళ్లిళ్ల సందర్భంలో, ప్రాణానికీ ధనానికీ మానానికీ ముప్పొచ్చినప్పుడు బొంకవచ్చు, పాపం అంటదు. తప్పించుకునే దారి గురువే చూపించాడు. బలి ఆ దారిన పోలేదు. తన మాట మీద తాను నిలబడితే ఏమేం జరుగుతాయో ఒక్కొక్కటే తనే లెక్కపెట్టాడు, నరకం, బంధనం, రాజ్యం పోవడం, దుర్మరణం, కులం అంతరించడం. ఏదీ జరగదని బుకాయించలేదు. అన్నీ ఒప్పుకొని ఒక్క మాట అన్నాడు: ‘రానిమ్ము కానిమ్ము పో’.